నేను కొట్టేసిన రోజు

ఆ రోజు ఆ వెలుగు చుక్కను కదిలించింది సూర్యుడా, గొంగడి అంచులో దాగిన ఇనుప ముక్కా? పదకొండేళ్ళుగా ఈ ప్రశ్న నా వెంట ఉంది. దీనికి జవాబు చెప్పగలిగిన మనిషి మా చిన్నాయిన ఒక్కడే. ఆయన పోయిన నెల చనిపోయాడు.

కబురు పోస్టుకార్డు మీద వచ్చింది. ఊళ్ళో బడిపంతులుతో రాయించారు. నేను కాలేజీలో పిల్లల ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతున్నాను. జవాను కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దారిలో చదివే ఉంటాడు, వెంటనే పోకుండా కాసేపు నిలబడ్డాడు. "మీ చిన్నాయిన ఆయాసంతో మంగళవారం పొద్దున కాలం చేసినాడు. మట్టి అయిపోయినది. దినాలకు రాగలరు." అంతే ఉంది. నేను ఇంకా నాలుగు రికార్డులు దిద్దాను. తప్పులు సరిగానే పట్టాను. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చింపెయ్యాలంటారు, ఇంట్లోకి తేవద్దంటారు. నేను చింపలేదు. రికార్డుల మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆ రోజు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. వచ్చాక రాద్దామని ఆగితే ఎన్నటికీ రాయనేమోనని ఇది రాస్తున్నాను.

కోస్గి నుంచి నాలుగు మైళ్ళు లోపలికి మా ఊరు. మా నాయిన పట్నంలో ఒక దఫ్తరులో జవానుగా కుదిరి మమ్మల్ని అక్కడికే తీసుకుపోయాడు కనుక నాకు చదువు వచ్చింది. ఆయన తమ్ముడు గొర్రెల వెంట ఉండిపోయాడు కనుక మాకు ఊరు మిగిలింది. అన్నదమ్ముల మధ్య పంపకం ఇంత సులువుగా జరిగిందని నేను చాలాకాలం అనుకున్నాను. చిన్నాయిన కూడా నాలుగో జమాత్ దాకా ఉర్దూలో చదివినవాడే. ఉర్దూ అంకెలు ఒకదానికొకటి తగలకుండా, ఓపికగా రాసేవాడు. ఆ చదువుతో ఆయనకు ఇరవై ఏళ్ళు ఏ పనీ పడలేదు.

ఎండాకాలం సెలవుల్లో నేను మంద వెంట పోయేదాన్ని. సాయంత్రం గొర్రెల్ని దొడ్లోకి తోలేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. ప్రతిసారీ నా లెక్క తప్పేది. ఆయన లెక్కపెట్టేవాడు కాదు. దడి పక్కన నిలబడి ఊరికే చూసేవాడు. "చెవి కోసిన దాని పిల్ల రాలే" అని వెనక్కి తిరిగి పోయేవాడు. "లెక్క వెట్టెటోనికి గొర్రె తప్పుతది బిడ్డా, ముఖం చూసెటోనికి తప్పది" అనేవాడు. తర్వాత నేను ప్రయోగశాలలో ఎంతోమందికి కొలతలు నేర్పాను. ఆ మాట చాలాసార్లు నోటిదాకా వచ్చింది. క్లాసులో గొర్రెల ముచ్చట ఎందుకని మింగేశాను.

యాభై ఏడులో దేశదేశాల శాస్త్రజ్ఞులు కలిసి, ఏడాదిన్నరపాటు భూమినీ ఆకాశాన్నీ అంతటా ఒకేసారి గమనించాలని పూనుకున్నారు. సూర్యుడి మీద మచ్చలు బాగా పెరిగిన కాలం అది. పట్నంలో నాకు చదువు చెప్పిన ప్రొఫెసరు గారికి, రైలు పట్టాలకూ కరెంటు తీగలకూ దూరంగా ఒక చిన్న అయస్కాంత కేంద్రం కావలసి వచ్చింది. అప్పటికి నేను మహబూబ్‌నగర్‌లో లెక్చరర్‌ని. మా ఊరి పేరు నేనే చెప్పాను. పొద్దు పొడిచిన దగ్గర నుంచి దీపాలు పెట్టేదాకా గంటగంటకూ చూసి రాసే మనిషి కావాలన్నారు. ఆ మనిషినీ నేనే చెప్పాను.

"చదువుకున్న కుర్రవాడెవడూ దొరకడా అమ్మా?" అన్నారు ప్రొఫెసరు గారు.

"కుర్రవాళ్ళు గంటగంటకూ చూడరు సార్, చూసినట్టు రాస్తారు" అన్నాను. ఆయన నవ్వి ఒప్పుకున్నారు.

ఊరి బయట నల్లరాతి గుట్టకు దూరంగా చోటు వెతికాం. ఆ గుట్ట దగ్గర దిక్సూచి ముల్లు తప్పుడు దిక్కు చూపేది. మట్టి గోడలు, గడ్డి కప్పు, మేకులకు బదులు చెక్క చీలలు, తలుపుకు ఇత్తడి కీళ్ళు. లోపల చీకట్లో ఒక చిన్న అయస్కాంతం పట్టుదారానికి వేలాడేది. ఆ దారం నారాయణపేట మగ్గాల దగ్గర అడిగి తెచ్చాం. అయస్కాంతానికి అతికించిన అద్దప్పెంకు మీద ఇత్తడి దీపం వెలుగు పడి, ఎదుటి గోడకున్న గీతల చెక్క మీద చుక్కలా నిలిచేది. అయస్కాంతం వెంట్రుకవాసి తిరిగినా చుక్క పక్కకు జరిగేది. చుక్క ఏ గీత మీద ఉందో రాయడమే చిన్నాయిన పని. నియమం ఒకటే. లోపలికి ఇనుము రాకూడదు.

ఆయన ఆ నియమాన్ని పట్టుకున్న తీరు నేను మరిచిపోలేను. గొడ్డలి, మొలతాడుకున్న తాళంచెవి, మేకులు కొట్టిన చెప్పులు, అన్నీ ముప్పై అడుగుల అవతల తంగేడు పొద కింద వదిలేవాడు. చెప్పుల ముందువైపు ఊరి దిక్కు ఉండేట్టు పెట్టేవాడు. ఎందుకని అడిగితే, "నేను మరిచినా అవ్వి ఇంటికి పోతయి" అన్నాడు. ఊళ్ళో ఎగతాళి లేకుండా పోలేదు. "ఏం మామా, మీ దేవత ఇనుము ముట్టదంట గదా, యాట మాంసమన్న ముడుతదా?" అని ఒకడు దారిలో అడిగితే, "ముట్టది రా. నువ్వు తేవాలె, నేను ముట్టాలె" అన్నాడు.

మగవాళ్ళు నవ్వుకున్నారు గానీ ఆడవాళ్ళు నవ్వలేదు. మా దగ్గర బాలింత తలాపున కొడవలో కత్తో పెడతారు. ఇనుము ఉన్న చోటికి గాలీ ధూళీ రావని నమ్మకం. అలాంటప్పుడు ఇనుము ఓర్వని గుడిసె అంటే అందులో ఉండేది ఏమిటి? ఈ ప్రశ్న మా చిన్నమ్మ ఎవరినీ అడగలేదు. ఆ దిక్కుకు మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఆదివారాల్లో నేను బస్సులో కోస్గి దాకా పోయి, అక్కడి నుంచి నడిచి, వారం రోజుల లెక్కలు తెలుగు అంకెల్లోకి ఎక్కించుకుని వచ్చేదాన్ని. ఒక ఆదివారం గుడిసె ముందు కూర్చుని చాయ్ తాగుతున్నాం. ఆయన సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు.

"గీ చుక్కను జరిపెటోడు ఎవడు బిడ్డా?"

"సూర్యుడు."

"ఎండనా?"

"ఎండ కాదు చిన్నాయినా. ఎండతోపాటు ఇంకోటి వస్తది. గాలి లాంటిది."

సౌరపవనం అన్న మాట అప్పటికి నాకు తెలియదు. ఆ గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుందని ఆకాశంలోకి పంపిన యంత్రాలు కొలిచి చెప్పడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. సూర్యుడు అప్పుడప్పుడు విద్యుత్ కణాలను గుంపులుగా విసురుతాడని, అవి ఒకటి రెండు రోజుల్లో మనల్ని చేరుతాయని మాత్రం చదువుకున్నాను. తెలిసినంత చెప్పాను. భూమి ఒక పెద్ద అయస్కాంతం. ఆ గుంపు వచ్చి దాన్ని ఒత్తుతుంది. అయస్కాంత బలం గీతలు గీసినట్టు భూమి ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకుని ఉంటుంది. లోపలికి చొరబడ్డ కణాలు ఆ గీతలు పట్టుకుని రెండు కొసలకూ జారుతాయి. అక్కడ ఎంతో ఎత్తున పలుచని గాలికి తగిలి పచ్చగా, ఎర్రగా వెలుగులు పుట్టిస్తాయి. తెరలు వేలాడదీసినట్టు ఉంటుందట. ఆ సమయంలో ఆకాశంలో విద్యుత్తు పారుతుంది. దాని అదురు ఇక్కడ మన పట్టుదారం దాకా వస్తుంది.

"గా ఎలుగు మనకు కనపడదా?"

"కనపడదు. మనం నడుమల ఉన్నం."

ఆయన చెవి తమ్మె లాక్కుంటూ ఆలోచించాడు. "అయితే అక్కడోళ్ళు కండ్లతోని చూస్తరు, మనం దారంతోని చూస్తున్నం" అన్నాడు. మళ్ళీ అడిగాడు. "వాన వచ్చేముందు గొర్లు ఒక్కతాన చేరుతయి. గీ గాలి వచ్చేముందు ఏమన్న ఎరుకైతదా?"

"ఒక్కోసారి చుక్క ముందు ఒక్కపారి దుంకుతదంట. తర్వాత దినమంతా నిలువదంట" అన్నాను. ఈ మాట చెప్పకుండా ఉండాల్సింది. ఏం చూడబోతాడో ముందే చెప్పినదాన్ని, చూశానంటే నమ్మలేకపోయాను.

యాభై ఎనిమిది ఫిబ్రవరిలో చిన్నాయిన బిడ్డ, అంటే నా చెల్లె, పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. పది రోజుల తర్వాత ఒక ఆదివారం పోయి రిజిస్టరు తెరిచాను. నాలుగైదు రోజుల కిందటి పేజీ మిగతా పేజీల్లా లేదు. మామూలుగా రోజుకు పన్నెండు పదమూడు అంకెలు ఉండేవి. ఆ రోజు పేజీ నిండిపోయి అంచుల్లోకి పాకింది. పొద్దున ఏడు కావస్తుండగా చుక్క ఒక్కసారి దూకింది. తర్వాత ఒక పక్కకు జారడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం కాస్త నిలిచింది. పొద్దు వాలేసరికి చెక్క అంచుదాకా పోయింది. గంటకొకసారి చూడాల్సినవాడు పావుగంటకొకసారి చూశాడు. అన్నానికి కూడా పోలేదని తెలుస్తూనే ఉంది. పక్కన ఉర్దూలో రాసుకున్నాడు: "బయట గాలి లేదు. దారం సరిగ్గ ఉన్నది. దీపం సరిగ్గ ఉన్నది. చుక్క నిలుస్తలేదు."

అది చూసి నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. నా స్వభావమే అంత. అంకెలు మరీ పెద్దవి. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ, సాయంత్రం మళ్ళీ ఎక్కువ. చలికి గొంగడి కప్పుకునే వేళల్లాగే ఉన్నాయవి. ఆ వారంలో చలి బాగా పడింది కూడా ఆ ఒక్క రోజే.

రిజిస్టరు పట్టుకుని ఊళ్ళోకి, వాళ్ళ ఇంటికి వచ్చాను. చిన్నాయిన అరుగు మీద గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. పక్కింటి వాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు.

"చిన్నాయినా, ఆ దినం లోపలికి ఎవరన్న వచ్చిండ్రా?"

"రాలే."

"ఇనుము?"

"లోపటికి ఇనుము రాలే బిడ్డా."

నేను సంచిలోంచి చిన్న దిక్సూచి తీశాను. ఏమీ చెప్పకుండా ఆయన చుట్టూ తిప్పాను. ఆ పూట తాళంచెవి కట్టుకోని మొలతాడు దగ్గర ముల్లు కదల్లేదు. ఎడమ భుజం దగ్గరికి రాగానే గిర్రున తిరిగింది. గొంగడి అంచు తడిమితే గట్టిగా తగిలింది. కుట్టు విప్పితే ఎద్దు కాలి నాడెకు కొట్టే మేకు ఒకటి, మా ఊరి మాటలో మొల, బయటపడింది, సగం వేలంత.

"దొరికింది గదనే దయ్యం" అని ఎవరో నవ్వారు.

చిన్నమ్మ గడపలో నిలబడి ఉంది. "నేనే కుట్టిన" అంది. "ఇంట్ల పసిగుడ్డు ఉన్నది. ఈయన పొద్దు మూకేదాంక ఇనుము ఓర్వని గుడిసెల కూసొని వస్తడు. అండ్ల ఏమున్నదో ఎవరికెరుక? మొల లేకుంట నేను పిల్ల దిక్కు ఎట్ల రానియ్యాలె?"

చిన్నాయిన ఆ మేకును అరచేతిలో పెట్టుకుని చూశాడు. చిన్నమ్మ వైపు చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా కనిపించలేదు. ఆ రెండోది నేను అప్పుడు గమనించలేదు. ఇప్పుడు గుర్తుకొస్తోందని అనుకుంటున్నాను. "ఉన్నది గదా. కొట్టెయ్ బిడ్డా" అన్నాడు.

అక్కడే, అందరి ముందే, ఆ పేజీ మీద ఎర్ర సిరాతో గీత కొట్టాను. కింద "చెల్లదు" అని రాశాను. ఎందుకు చెల్లదో రాయలేదు.

నెల తిరక్కుండానే ప్రొఫెసరు గారి ఉత్తరం వచ్చింది. ఆ రోజు ప్రపంచమంతటా అయస్కాంత ముళ్ళు అల్లాడిపోయాయి. తంతి తీగల్లో అలజడి పుట్టింది. ఎన్నడూ ధ్రువకాంతి ఎరగని ఊళ్ళలో కూడా ఆకాశం ఎర్రగా కనబడింది. అందరూ ఆ రోజు లెక్కల కోసమే అడుగుతున్నారు, నీ కేంద్రం ఒక్కటే చెల్లదని ఎందుకు పంపింది అని రాశారు.

మరునాడే ఊరికి పోయాను. చిన్నాయిన గుడిసె ముందు దీపం వత్తి కత్తిరిస్తున్నాడు, ఇత్తడి కత్తెరతో. చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"ఆ గీత తీసేసి మల్ల పంపుత చిన్నాయినా."

"తియ్యకు. మొల ఉండె గదా."

"మరి ఏం చెయ్యమంటవు?"

"రెండూ రాయి. మొల దొరికిందని రాయి. చుక్క దుంకిందని రాయి. ఏది ఎంతనో చదువుకున్నోళ్ళు తేల్చుకుంటరు. కొట్టేసుడు ఎందుకు, దాసుడు ఎందుకు?"

సరేనన్నాను. మహబూబ్‌నగర్‌కు వచ్చి కాగితం ముందు కూర్చున్నాను. మా చిన్నమ్మ దయ్యం భయంతో మా చిన్నాయిన గొంగడిలో మేకు కుట్టింది అన్న వాక్యం రాయాలి. ఇంగ్లీషులో రాయాలి. ప్రొఫెసరు గారి గదిలో ఎవరెవరు కూర్చుని చదువుతారో నాకు తెలుసు. గొర్రెల కాపరి ఇంటి నుంచి వచ్చిన ఆడపిల్ల అని నా ముందే మెచ్చుకునేవాళ్ళు, నేను బయటికి పోయాక ఏమనుకునేవాళ్ళో కూడా తెలుసు. మూడు కాగితాలు చించాను. నాలుగోదాని మీద "ఆ రోజు దీపం సరిగా వెలగలేదు, పరిశీలకుడి పొరపాటు" అని రాసి పంపాను.

దీపం సరిగ్గా ఉందని ఆయన తన చేత్తో రాసిన పేజీ నా ముందే ఉంది.

తర్వాతి ఆదివారం ఆయన అడిగాడు. "రాసినవా బిడ్డా, రెండూ?"

"రాసిన" అన్నాను.

"మంచిది."

పని ముగిశాక విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక నివేదిక అచ్చువేశారు. చివరి పుటలో పరిశీలకుల పేర్లు ఉన్నాయి. మా ఊరి పేరు ఎదుట ఎవరి పేరూ లేదు. ఆ పుస్తకం నేను ఆయనకు చూపించలేదు. ఆయనా అడగలేదు. గుడిసెలో సామాను పట్నం పోయింది. ఆయన మళ్ళీ మంద వెంట పోయాడు. నేను ఊరికి వచ్చినప్పుడల్లా మాత్రం అడిగేవాడు, "గా గాలి సంగతి ఏమన్న ఎరుకైందా?" అని. దూరపు బంధువుల యోగక్షేమాలు అడిగినట్టే అడిగేవాడు. ఆ గాలి ఎన్నడూ ఆగదని తేలిందని చెప్పినప్పుడు నొసలు చిట్లించాడు.

"మరి గన్ని దినాలు చుక్క ఊకున్నది గదా?"

"గాలి ఉండె చిన్నాయినా, మెల్లగ ఉండె."

"అట్లనా. నేను లేదనుకున్న" అన్నాడు. తప్పు తనదైనట్టే అన్నాడు.

ఆయన్ని చివరిసారి చూసింది మొన్నటి చలికాలంలో. ఆయాసం ఎక్కువై మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దవాఖానకు పోదామంటే, "ఆడ గొర్లు ఉండయి, నాకు నిద్ర పట్టది" అన్నాడు. మామూలుగానే గాలి సంగతి అడిగాడు. ఈ మధ్య చదివింది చెప్పాను. ధ్రువాల దగ్గర భూమి అయస్కాంత గీతలు వంగి తిరిగి రావట, సూర్యుడి గాలి వాటిని వెంట లాక్కుపోయినట్టు దూరంగా సాగిపోతాయట. ఆ దారి తెరిచి ఉంది కనుక, మన గాలికి పైఅంచున ఉండే తేలికైన విద్యుత్ కణాలు పైకి లేచి, ఆ గీతల వెంట భూమిని వదిలి వెళ్ళిపోతాయని కొందరు లెక్కలు కడుతున్నారని చెప్పాను.

"పైకి పోతదా? వచ్చేది గద కిందికి."

"అది కిందికి వస్తది, ఇది పైకి పోతది. రెండూ అక్కడనే."

ఆయన కళ్ళు మూసుకుని కొంతసేపు ఊపిరి తీసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"మంద నడిస్తే దుమ్ము లేస్తది గదా" అన్నాడు. "ఆ దుమ్ము మందది గాదు బిడ్డా, నేలది. వచ్చింది వాళ్ళు, లేచింది మనది."

"అంతే" అన్నాను. నిజంగా అంతే. ఇంత పొట్టిగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

"గట్ల పోయింది మల్ల వస్తదా?"

"రాదంటున్నరు. కానీ ఎంత పోయినా మనకు తక్కువ కాదంట."

"తక్కువ అయితది. మనకు ఎరుక గాదు, గంతే."

ఆ పూట చెప్పాల్సింది. దీపం మీద అబద్ధం రాశానని, మంచిది అని ఆయన అన్న ఆ మాటను పదకొండేళ్ళుగా మోస్తున్నానని చెప్పాల్సింది. ఆయాసపడే మనిషి మీద నా బరువు ఎందుకు పెట్టాలని ఊరుకున్నాను. దాన్ని దయ అనుకున్నాను. కాదేమో. బస్సు వేళ అయిందని లేచాను. "జర పైలంగ పో బిడ్డా" అన్నాడు.

దినాలకు పోయాను. వచ్చినవాళ్ళంతా తిని వెళ్ళిపోయాక చిన్నమ్మ అరుగు మీద కూర్చుంది. మనుమరాలిని ముందు నిలబెట్టుకుని, పావడాకు అంటిన పల్లేరు కాయలు తీస్తోంది. పుట్టినప్పుడు ఏ పిల్ల కోసం ఆ మేకు కుట్టిందో ఈ పిల్లే. పదకొండేళ్ళు నిండాయి. నేను పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి చిన్నమ్మకు చెప్పాను. మేకు మాట దాచి, ఆయన దీపం సరిగ్గా చూసుకోలేదని రాసి పంపానని చెప్పాను. ఆమె తిడుతుందని అనుకున్నాను. తిడితే బాగుండేది.

"దీపం గాదు, మొల గాదు" అంది చిన్నమ్మ. "మొల ఉన్నదని ఆయనకు ఎరుకనే. కుట్టిన నాడే భుజానికి తాకింది. తీసేస్తే నేను పిల్లను ముట్టనియ్యనని తియ్యలే. గుడిసెకాడికి పోయి, చెప్పులతోపాటు గొంగడి గూడ తంగేడు మీద ఏసి లోపటికి పోయెటోడు. చలికి వణుకుకుంట కూసున్నడు, గంతే."

పావడా మీద కదిలే ఆమె వేళ్ళను చూస్తూ అడిగాను.

"మరి ఆ దినం ఆయన నాకెందుకు చెప్పలే చిన్నమ్మా? అందరి ముందట దిక్సూచి పట్టుకొని ఆయన చుట్టూ తిరిగిన గదా."

"చెప్తే నాకు ఎరుకైతుండె గదా, మొలను బయట వదిలి పోతుండని. నేను ఎట్లుంటినో నీకెరుక లేదా నాడు? పిల్లకు జ్వరం. ఊపిరి ఆడుతదా లేదా అని గడియకొకపారి ముక్కుకాడ ఏలు వెట్టి చూస్తుంటి."

"ఈ సంగతి ఆయన చెప్పిండా, నువ్వు చూసినవా?"

చిన్నమ్మ పిల్ల పావడా అంచు ఇంకో వైపు తిప్పుకుంది. మళ్ళీ అడిగాను. నేను అడిగిన తీరు నాకే దఫ్తరులో అడిగినట్టు వినిపించింది.

"ముప్పై ఏండ్లు కాపురం చేసిన. నాకెరుక కాదా?" అంది.

ఇంటికి వచ్చి విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. ప్రొఫెసరు గారు ఇప్పుడు లేరు, ఆ కుర్చీలో ఎవరున్నా వాళ్ళకే. మేకు దొరికిందని రాశాను. చుక్క దూకిందని రాశాను. దీపం సంగతి అబద్ధమని, అది నాదని రాశాను. పరిశీలకుడి పేరు రాశాను. ఈ నాలుగింటికీ ఆలోచన అక్కర్లేకపోయింది, చెయ్యి దానంతటదే రాసింది. ఐదోది దగ్గర ఆగిపోయాను. గొంగడి బయటే ఉందన్న మాట నిజమైతే ఆ పేజీలో ప్రతి అంకె సూర్యుడిదే. నేను కొట్టేసింది ఒక మనిషి జీవితంలో చేసిన అన్నిటికన్నా శుభ్రమైన పని. నిజం కాకపోతే అది పోయిన భర్తకు ఒక భార్య కప్పిన బట్ట. నేను దాన్ని కొలతగా పంపకూడదు. ఆయన "లోపటికి ఇనుము రాలే" అన్నాడని పైన రాశాను. ఆ "లోపటికి" అన్న మాట నిజంగా అన్నాడా, చిన్నమ్మ చెప్పాక నేను చేర్చుకున్నానా అన్నది కూడా ఇప్పుడు నాకు తెలియదు. నమ్మాలని ఉంది. నమ్మాలని ఉన్నప్పుడే ఎక్కువ అనుమానించాలని పిల్లలకు ఇరవై ఏళ్ళు చెప్పాను.

కవరు ఇంకా అతికించలేదు. ఐదో మాట రాయాలో వద్దో నేను తేల్చుకోలేదు. తేల్చుకోగలనని కూడా చెప్పలేను. నేను రెండోసారి అడిగినప్పుడు చిన్నమ్మ తల ఎత్తలేదు. పిల్ల కదలకుండా, పావడా రెండు చేతులతో పరిచి పట్టుకుని నిలబడింది. చిన్నమ్మ పల్లేరు కాయలు ఒక్కొక్కటే పీకి, మా ఇద్దరి మధ్య ఖాళీ నేల మీద, ఎవరి కాలికీ గుచ్చుకోకుండా గోడ వారకు పెడుతూ పోయింది.